పాత మాసీ ట్రాక్టర్, జారే క్లచ్: చిత్తూరు జిల్లా ఇరాల పొలం నుంచి రిపేరు డైరీ

2025 ఆగస్టు 3, ఆదివారం

దిబ్బెరువు నిండా వేసుకుని తోపు మిట్ట ఎక్కుతుంటే ఇంజను ఒక్కసారిగా గోల పెట్టింది. బండి మాత్రం ముందుకన్నా నెమ్మదించింది. యాక్సిలరేటర్ తగ్గిస్తే పట్టుకుంటుంది, పెంచితే వదిలేస్తుంది. పైకి చేరేసరికి కాళ్ళ దగ్గర కాలిన లైనింగు (క్లచ్ ప్లేటు మీదుండే రాపిడి పొర) వాసన. వెనక నడిచొస్తున్న నాయన దూరం నుంచే చెయ్యెత్తి ఆపమన్నాడు.

"టైరు కాదురా జారింది, క్లచ్ జార్తా ఉండాది. ఇంక లాగొద్దు, దించెయ్."

టైరు జారితే చక్రం తిరుగుతుంది, మట్టి ఎగురుతుంది. ఇక్కడ చక్రం తిరగనే లేదు. ఇంజను తిరిగిన తిప్పుడు గేర్ బాక్సు దాకా చేరకుండా, ఆ రెండింటినీ కలిపే క్లచ్ దగ్గరే వేడిగా మారిపోతోంది.

బండి గురించి ముందే రాసి పెడతాను. 1994లో నాయన కొన్న మాసీ ఫెర్గూసన్ 1035, నాకంటే రెండేళ్ళు పెద్దది. ముందువైపున్న లోడర్ బకెట్ (మట్టి ఎత్తే తొట్టి) ఆ తర్వాత ఎప్పుడో బిగించింది. రెండు ప్లేట్ల క్లచ్ రకం: పెద్ద ప్లేటు గేర్ బాక్సుకు, చిన్న ప్లేటు పీటీవోకు (వెనక తగిలించిన పరికరాన్ని తిప్పే షాఫ్టు), హైడ్రాలిక్ పంపుకు (నూనె ఒత్తిడితో బరువులెత్తేది). పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది కానీ వెనక రోటవేటర్ తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితే రెండూ ఆగుతాయి.

ఇంతకుముందు ఒకసారి క్లచ్ ప్లేటు మార్చారు. ఎప్పుడు మార్చారో, ఎందుకు పోయిందో, అప్పుడు లోపల ఏం చూశారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఈసారి అట్లా కాకూడదనే ఈ డైరీ. 27న వినాయక చవితి. ఊరి వినాయకుణ్ణి చెరువుకు తీసుకుపోయేది ఏటా మా బండే.

ఆగస్టు 4, సోమవారం

ఏదీ విప్పకముందు ఒక పరీక్ష. చదునైన కళ్ళంలో, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, రెండు బ్రేకులూ కలిపి గట్టిగా తొక్కి, పెద్ద గేరులో పెట్టి, ఇంజను మధ్య వేగంలో ఉండగా క్లచ్ మెల్లగా వదిలాను. క్లచ్ బాగుంటే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోవాలి. మాది ఆగలేదు, కాస్త మూలిగి తిరుగుతూనే ఉంది. మూడు సెకన్లకు మించి ఉంచలేదు. ఎక్కువసేపు చేస్తే ఈ పరీక్షే మిగిలిన లైనింగును కాల్చేస్తుంది.

తర్వాత పెడల్ ఖాళీ చూశాను. పెడల్‌ను వేలితో నొక్కితే మొదట కొంత దూరం వదులుగా పోయి, ఆ తర్వాతే బరువు తగలాలి. మాది మొదటి నుంచే బరువుగా ఉంది, ఖాళీ అసలు లేదు. అంటే పెడల్ మీద కాలు లేకపోయినా రిలీజ్ బేరింగు (పెడల్ తొక్కితే ముందుకు జరిగేది) ఫింగర్లను (ప్లేటును వదిలించే మీటలు) ఎప్పుడూ కాస్త నొక్కే ఉంటోంది, స్ప్రింగుల పట్టు పూర్తిగా ప్లేటు మీద పడటం లేదు. లైనింగు అరిగేకొద్దీ ఫింగర్లు బేరింగు వైపు జరుగుతాయి కాబట్టి ఈ ఖాళీ దానంతట అదే తగ్గిపోతుంది. అందుకే అప్పుడప్పుడూ కొలిచి సరిచెయ్యాలి. మేము మామిడి సీజను నుంచి చూడనే లేదు.

ఈ ఏడాది సీజను మామూలుది కాదు. తోతాపురికి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని ప్రకటించినా, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి వరసలో నిలబడ్డాయి. నాలుగు టన్నుల కాయ వెనక పెట్టుకుని, పది అడుగులకోసారి కదుపుతూ, ఎప్పుడు కదలాల్సి వస్తుందోనని క్లచ్ మీద కాలు తియ్యకుండా రాత్రింబవళ్ళు కూర్చున్నాం. మా తమ్ముడు ఒకరోజు పెడల్ మీదే నిద్రపోయాడు. ఆ వరసలో క్లచ్ ఎంత అరిగిందో ఎవరు కొలిచారు? కాయకు వచ్చిన డబ్బుతో కొత్త ట్రాక్టర్ మాట ఎత్తే పరిస్థితి లేదు. ఉన్నదాన్నే బాగుచేసుకోవాలి.

రాడ్డు తిప్పి, ఖాళీని మాన్యువల్‌లో చెప్పిన కొలతకు తెచ్చాను. మళ్ళీ పరీక్షిస్తే ఇంజను ఆగిపోయింది. సాయంత్రం ఖాళీ ట్రైలర్‌తో మిట్ట ఎక్కితే జారలేదు. ఇంతేనేమో అనుకున్నాను.

ఆగస్టు 7, గురువారం

ఇంతే కాదు. పొద్దున రెండు గంటలు బ్రహ్మాండంగా లాగింది. ఎండెక్కి క్లచ్ హౌసింగు (క్లచ్ చుట్టూ ఉండే ఇనుప గూడు) వేడయ్యాక మళ్ళీ మొదలు. గంట నీడలో పెడితే మళ్ళీ బాగయింది.

ఇదే నన్ను ఆలోచనలో పడేసింది. లైనింగు అరిగిపోయి ఉంటే చల్లగా ఉన్నా జారాలి. చల్లగా పట్టి, వేడికి వదిలేస్తోందంటే లైనింగు నూనె తాగి ఉండాలి, వేడికి ఆ నూనె పైకి తేలుతుండాలి. వేడికి స్ప్రింగులు మెత్తబడినా ఇట్లాగే ఉండొచ్చు గానీ, వాసనలో నూనె కాలిన జిడ్డు ఉంది. మధ్యాహ్నం రోటవేటర్ తగిలించి గట్టి నేలలో దించాను. పీటీవో వైపు ఏ తేడా లేదు. జారుతున్నది పెద్ద ప్లేటు ఒక్కటే.

పక్క తోపు ఆయన వచ్చి, పక్కనున్న మూత తీసి లోపలికి పెట్రోలు కొట్టి కాస్త బూడిద చల్లితే పట్టుకుంటుందన్నాడు. ఆయన మంచి కోరే చెప్పాడు. కానీ ఆ బూడిద రిలీజ్ బేరింగులోకీ సీళ్ళలోకీ (షాఫ్టు చుట్టూ నూనె కారకుండా ఆపే రింగులు) పోతుంది. పెట్రోలు ఆవిరి నిండిన హౌసింగు పక్కన సెల్ఫ్ కొట్టడం ప్రాణం మీదికి తెచ్చే పని. దయచేసి ఎవరూ చెయ్యకండి.

ఆగస్టు 9, శనివారం

బండి కింద పడుకుని టార్చి వేసి చూశాను. బయట ఎక్కడా నూనె చుక్క లేదు. ఇన్నాళ్ళూ మాకు అనుమానం రాకపోవడానికి కారణం ఇదే.

క్లచ్ హౌసింగు అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దాంట్లో వదులుగా ఒక స్ప్లిట్ పిన్ను వేలాడుతూ, బండి అదురుకు ఊగుతూ, రంధ్రం మూసుకుపోకుండా చూస్తుంది. ఇంజను వైపు సీలు పోయినా, గేర్ బాక్సు వైపు సీలు పోయినా ఆ నూనె ఇక్కడి నుంచి చుక్కలుగా కారి ముందే చెబుతుంది. మా బండికి ఆ పిన్ను లేదు. రంధ్రంలో బిగించి కొట్టిన చెక్క బిరడా ఉంది.

నాయనను పిలిచాను. వంగి చూసి, కాసేపు మాట్లాడలేదు.

"పోయినేడు వానలకు మడి దున్నేటప్పుడు నేనే కొట్నాను రా. బురదనీళ్ళు లోపలికి పోకుండా. తీయాలని మర్చేపోయినా."

మడిలో దున్నేటప్పుడు ఆ రంధ్రాన్ని మూయడం సరైన పనే. నీళ్ళు లోపలికి పోతే ప్లేటు తుప్పుపట్టి ఫ్లైవీలుకు (ఇంజను వెనక తిరిగే బరువైన చక్రం) అతుక్కుపోతుంది. మడి పని అయిపోగానే తీసెయ్యాలి, అదే జరగలేదు. ప్లయరుతో బిరడా లాగాను. చెంబుడు నూనె కారింది, నల్లగా, లైనింగు పొడి కలిసి చిక్కగా. ఇన్నాళ్ళూ బండి చెప్పాలనుకున్నది ఆ బిరడా వెనకే ఆగిపోయింది.

ఆగస్టు 10, ఆదివారం

ఇప్పుడు అసలు ప్రశ్న: ఈ నూనె ఎక్కడిది? రంగు చూసి ఊళ్ళో అందరూ ఇంజను సీలే అన్నారు. లైనింగు పొడి కలిస్తే ఏ నూనైనా నల్లబడుతుంది కాబట్టి నేను రంగును నమ్మలేదు. పాత పేపరు మీద మూడు చుక్కలు వేశాను: ఒకటి ఇంజను నూనె, ఒకటి గేర్ బాక్సు నూనె, ఒకటి చెంబులోది. అరగంటకు మూడోదాని చుట్టూ పొడి ఆగిపోయి, అంచుకు తేనెరంగు నూనె పాకింది. వాసన కూడా గేర్ ఆయిల్‌దే, ముక్కు పొడిచే ఘాటు. ఇంజను నూనె చుక్క మాత్రం అంచుదాకా మసే.

గేర్ బాక్సు డిప్‌స్టిక్ (నూనె మట్టం చూసే కడ్డీ) తీశాను. గీతకు రెండు వేళ్ళు పైన ఉంది నూనె. సీలు కారిపోతున్న బండిలో నూనె తగ్గాలి కదా, ఎక్కువెట్లా ఉంది?

నాయన దగ్గర కూర్చుని వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయాం. మేలో చెరువు మట్టి తోలాం. ఈ బండిలో గేర్లకూ హైడ్రాలిక్కుకూ నూనె ఒక్కటే. ట్రైలర్ తొట్టి పైకి లేచినప్పుడు దాని జాకీ నిండా ఉన్నది ఈ నూనే. ఒకరోజు తొట్టి పూర్తిగా లేవడం లేదని, లేచినంత లేపి అట్లాగే ఉంచి డిప్‌స్టిక్ చూశారు. తక్కువగా కనబడింది. డబ్బా తెచ్చి గీత దాకా పోశారు. తొట్టి దిగాక జాకీలోని నూనె అంతా తిరిగి బాక్సులోకి వచ్చి చేరింది.

నిజమో కాదో చూద్దామని ట్రైలర్ తగిలించి కొలిచాను. తొట్టి దించి ఉంటే గీతకు రెండు వేళ్ళు పైన. లేపి ఉంటే గీతకు కాస్త కింద. నాయన లెక్క తప్పలేదు, కొలిచిన సమయం తప్పింది.

పైమూత మీదున్న బ్రీదర్ కూడా విప్పాను. మట్టి, నూనె కలిసి బంకలా మూసుకుపోయింది. బాక్సు వేడెక్కితే లోపలి గాలి బయటికి పోయే దారి లేదు. ఎక్కువైన నూనె, పోవడానికి వీల్లేని గాలి, పాతబడిన సీలు. ఇక ఆ నూనె సీలును దాటి క్లచ్‌లోకి రాకుండా ఉంటుందా? ఈ రాత్రి నాకు నిజంగా సంతోషంగా ఉంది. బండి ఇంకా విప్పలేదు, కానీ ఏం కనబడుతుందో తెలుసు.

ఆగస్టు 13, బుధవారం

చిత్తూరు నుంచి మేస్త్రీ మామ వచ్చాడు. నాయన వయసువాడు, మా బండిని కొత్తగా ఉన్నప్పటి నుంచి ఎరుగుదును అన్నాడు. పేపరు మీద చుక్కలు చూపిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చూశాడు.

లోడర్ ఫ్రేము నిన్ననే దించాం. ఈ రోజు బ్యాటరీ వైర్లు, బానెట్టు, కాళ్ళ పలకలు, రెండు వైపులా స్టీరింగు రాడ్లు, యాక్సిలరేటర్ రాడ్డు, పైపులు విప్పాం. విప్పిన ప్రతి వైరుకూ గుడ్డపీలిక కట్టి అంకె రాశాను.

ట్రాక్టర్‌ను రెండుగా విడదీసేముందు చెయ్యాల్సిన ఒక పని ఉంది, అది మర్చిపోతే మనిషి పోతాడు. ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీద అటూఇటూ ఊగేలా ఉంటుంది. వెనక భాగం విడిపోగానే ఇంజను పక్కకు ఒరిగిపోతుంది. అందుకే ఇరుసుకూ ఫ్రేముకూ మధ్య రెండు పక్కలా వేపచెక్క దిమ్మెలు గట్టిగా దిగ్గొట్టాం. ఇంజను కింద స్టాండు, గేర్ బాక్సు కింద చక్రాల జాకీ. ముందు సగాన్ని కదలనివ్వకుండా, వెనక సగాన్ని మాత్రం మెల్లగా వెనక్కి దొర్లించాం. జానెడు, మూరెడు, ఆ తర్వాత మనిషి దూరేంత.

క్లచ్ మూట (ప్లేట్లు, స్ప్రింగులు, కవరు అన్నీ కలిసినది) విప్పితే పెద్ద ప్లేటు ఒక ముఖం అద్దంలా నిగనిగలాడుతోంది. గోరుతో గీస్తే నల్లటి జిడ్డు. రివెట్ల దాకా ఇంకా కొంత లైనింగు మిగిలే ఉంది, అరుగు సమస్య కాదు. చిన్న ప్లేటు దాదాపు పొడిగా ఉంది. ఫ్లైవీలు మీద నీలం మచ్చలు, వెంట్రుకల్లాంటి పగుళ్ళు నాలుగైదు. ఫ్లైవీలు విప్పి వెనక చూస్తే క్రాంకు సీలు (ఇంజను వైపుది) చుట్టూ పొడి దుమ్ము. ఇంజను నిర్దోషి. గేర్ బాక్సు వైపు, పీటీవో బోలు షాఫ్టు లోపల నుంచి లోపలి షాఫ్టు వెంట నూనె జాడ స్పష్టంగా ఉంది. పెద్ద ప్లేటు కూర్చునేది ఆ లోపలి షాఫ్టు మీదే. అందుకే రోటవేటర్ బాగా తిరిగింది, బండి మాత్రం జారింది.

దుమ్మును గాలి కొట్టి ఊదలేదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డలను సంచిలో కట్టి పాతిపెట్టాం. మామ మొదట వింతగా చూసినా, తర్వాత తానే ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు.

ఆగస్టు 16, శనివారం

నిన్న పంద్రాగస్టు, కొట్లు లేవు. ఈ రోజు ఫ్లైవీలు చిత్తూరులో లేత్ మీదికెక్కింది. టర్నర్‌కు ముందే చెప్పాను: ప్లేటు తగిలే ముఖం, కవరు కూర్చునే అంచు వేర్వేరు ఎత్తుల్లో ఉన్నాయి, ఒకదానిలో ఎంత చెక్కితే రెండోదానిలోనూ అంతే చెక్కాలి. ముఖం ఒక్కటే చెక్కితే ప్రెజర్ ప్లేటు (స్ప్రింగులతో క్లచ్ ప్లేటును నొక్కేది) దూరమై స్ప్రింగు పట్టు తగ్గుతుంది, కొత్త ప్లేటు వేసినా జారుతుంది. పగుళ్ళు పోయేంతవరకే చెక్కాడు.

పాత ప్లేటును పెట్రోలుతో కడిగి, కాల్చి, మళ్ళీ వాడొచ్చని ఒకరన్నారు. పైన తెల్లగా అవుతుంది, లోపల తాగిన నూనె మొదటి మిట్టకే బయటికి వస్తుంది. పెద్ద ప్లేటు కొత్తది. ప్రెజర్ ప్లేటు స్ప్రింగులు రెండు నీలం తిరిగాయి, అదీ మార్చాం. రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు (షాఫ్టు ముందు కొసను పట్టేది) కొత్తవి. చిన్న ప్లేటు కొలిచి చూసి అదే ఉంచాం. ఖర్చు తగ్గించుకోవడానికి కాదు, అది బాగుంది కాబట్టి.

ఆగస్టు 18, సోమవారం

ఈ రోజంతా ఒక్క సీలు మీదే గడిచింది, గడవాల్సిందే. ముందు బాక్సు నూనె దించి డబ్బాలతో కొలిచాను. మాన్యువల్ లెక్క కంటే దాదాపు 5 లీటర్లు ఎక్కువ.

ముందు కవరు విప్పి పాత సీలు తీస్తే దాని పెదవి రాయిలా గట్టిపడి ఉంది. షాఫ్టు మీద అది తిరిగిన చోట గోరుకు తగిలే గాడి. కొత్త సీలును పాత చోటే పెడితే దాని పెదవి ఆ గాడిలోనే కూర్చుంటుంది, మళ్ళీ కారుతుంది. పోయినసారి ఇదే జరిగి ఉంటుందని మామ అన్నాడు. ఆయన చేసిన పని చూడాలి: సీలును రెండు మిల్లీమీటర్లు లోపలికి దించి, పెదవి గాడి మీద కాకుండా నున్నటి ఉక్కు మీద పడేలా కూర్చోబెట్టాడు. పెదవి ముఖం నూనె వైపు. షాఫ్టు పళ్ళ మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, పెదవికి నూనె రాసి, దాని మీద నుంచి జార్చాడు. పళ్ళు నేరుగా తగిలితే కొత్త సీలు అక్కడికక్కడే తెగుతుంది.

"బిగిచ్చేసి ఇచ్చేది ఒక గంట పని. ఇది చేసేది ఒక దినం. ఏది కావల్నో నువ్వే చెప్పబ్బా," అన్నాడు మామ, చెయ్యి తుడుచుకుంటూ. నాయన లోపలికి పోయి ఆయనకు మజ్జిగ తెచ్చాడు.

బయటి సీలు కూడా మార్చి, బ్రీదర్‌ను డీజిల్‌లో నానబెట్టి, ఊదితే గాలి పోయేదాకా శుభ్రం చేశాను.

ఆగస్టు 21, గురువారం

క్లచ్ మూట ఎక్కింది. ప్లేట్లు నడిమధ్య కూర్చోవడానికి టర్నర్ దగ్గర చెక్కించిన కట్టె షాఫ్టు వాడాం. కవరు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాం. మూడు ఫింగర్ల ఎత్తు కొలిస్తే ఒకటి తేడా వచ్చింది, సరిచేశాం. తేడా ఉంటే ప్లేటు వంకరగా విడిపోయి బండి కదిలేటప్పుడు వణుకుతుంది.

కలపడానికి మూడు గంటలు పట్టింది. చివరి అంగుళం దగ్గర ఆగిపోయింది. తమ్ముడు బోల్టులు బిగించి లాగేద్దామన్నాడు. మామ గట్టిగా అరిచాడు. పళ్ళు కలవకుండా బోల్టులతో లాగితే హౌసింగు పగులుతుంది, లేదా ప్లేటు బొడ్డు వంగుతుంది. వెనక పీటీవో షాఫ్టును చేత్తో తిప్పుతూ, నేను ఫ్లైవీలును పన్ను పన్నుగా కదుపుతూ ఉంటే, ఒక్కసారి మెత్తగా టక్కుమని వెళ్ళి కూర్చుంది. ఆ చప్పుడు చాలాకాలం గుర్తుంటుంది నాకు.

నూనె కొలత ప్రకారం పోశాం. అడుగు రంధ్రంలో కొత్త స్ప్లిట్ పిన్ను వేలాడదీశాను.

ఆగస్టు 24, ఆదివారం

కళ్ళంలో అదే పరీక్ష. క్లచ్ వదలగానే ఇంజను ఆగింది. మొదటి రెండు రోజులు ఖాళీ ట్రైలర్, సగం లోడు, అంతే. కొత్త లైనింగు ముఖం ఫ్లైవీలుతో ఒరుసుకుని సర్దుకోవాలి. ఈ సాయంత్రం దిబ్బెరువు నిండా వేసుకుని, ఎండలో రెండు గంటలు తిప్పాక, అదే తోపు మిట్ట. మధ్యలో ఆపి, ఆ ఏటవాలులోనే మళ్ళీ కదిలించాను. పట్టుకుంది, లాగింది. నాయన ఈసారి వెనక నడవలేదు, మడ్‌గార్డు మీద కూర్చున్నాడు.

ఆగస్టు 31, ఆదివారం

అయిదో రోజు నిమజ్జనం. కాణిపాకం బ్రహ్మోత్సవాలకు పోయే జనంతో రోడ్డంతా నిండి ఉంది. నడకకంటే నెమ్మదిగా మూడు గంటలు. నేనే నడిపాను. ఆగిన ప్రతిచోటా న్యూట్రల్‌లో వేసి, పెడల్ మీద నుంచి కాలు తీసి కింద పెట్టాను.

అక్టోబరు 12, ఆదివారం

దాదాపు 40 గంటలు తిరిగింది. రాత్రంతా రంధ్రం కింద తెల్ల అట్ట పెట్టి చూశాను. పిన్ను చివర పొడి దుమ్ము ఉంది, అట్ట మీద చుక్క లేదు. పెడల్ ఖాళీ కొంచెం తగ్గింది, కొత్త లైనింగు సర్దుకున్నందువల్ల. మళ్ళీ కొలతకు తెచ్చి తేదీ రాశాను. రిలీజ్ బేరింగు చప్పుడు లేదు.

నాయన ఎర్ర పెయింటుతో డిప్‌స్టిక్ పక్కన తన చేత్తోనే రాశాడు: ట్రైలర్ తొట్టి దించి, చదునులో ఆయిల్ చూడాలి.

వానలు పడితే వచ్చే నెల మడి దున్నాలి. కొత్త బిరడా చెక్కించాను. పిన్ను తీసి అది కొట్టినప్పుడు, దానికి కట్టిన ఎర్ర దారం రెండో కొస తాళంచెవికే ఉంటుంది.